అవతలి కంపెనీ బండి

మా ఆయన డ్వేన్ ఒక ఎర్ర పికప్ ట్రక్కుని చూసి మనసు పారేసుకున్నాడు. దాని చక్రాలు నా నడుము ఎత్తున ఉన్నాయి. లోపల తోలు సీట్లు, ముందు తళతళలాడే ఇనుప కమ్మీలు. పాత బండ్లు అమ్మే ఆవరణలో కంకర మీద నిలబడి, పెళ్ళికూతుర్ని చూపించినట్టు దాన్ని నాకు చూపించాడు. నేను డ్రైవరు తలుపు తీసి, అంచున అంటించిన చిన్న చీటీ చదివాను. బండి వీపు మీద ఎంత బరువు మోయగలదో అందులో రాసి ఉంటుంది. మగవాళ్ళు దాన్ని చదవరు. టీవీ ప్రకటనలో విన్న గొప్పలే పట్టుకు తిరుగుతారు.

మా గుర్రాలను తరలించే ట్రైలర్‌లో ఆరు గుర్రాలు పడతాయి. దాని మెడ ముందుకు వంగి వచ్చి పికప్ తొట్టి మధ్యలో ఉండే ఇనుప గుండు మీద కూర్చుంటుంది. ఆ బరువును లాగడం ఒక ఎత్తు, ఆ మెడను వీపున మోస్తూ లోయ రోడ్డు దిగుడులో ఆపడం ఒక ఎత్తు. ఈ ఎర్ర బండి మా ఇద్దర్నీ, కుక్కనీ, కిరాణా సంచుల్నీ సుఖంగా మోస్తుంది. నిండు ట్రైలర్ తగిలిస్తే మాత్రం దిగుడులో ట్రైలరే దీన్ని తోసుకుంటూ పోతుంది. ఈ మాట చెబితే డ్వేన్ బండి ముందున్న కంపెనీ గుర్తు మీద చెయ్యేసి, ఇది మన కంపెనీది కదా అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

కంపెనీల పేర్లు చెప్పను, చెబితే సగం ఊరు నాతో మాటలు మానేస్తుంది. తూర్పు ఒరెగాన్‌లో మా వైపు మనుషులు చర్చి మారుస్తారు, పార్టీ మారుస్తారు, పెళ్ళాన్ని కూడా మారుస్తారు. పికప్ కంపెనీని మాత్రం మార్చరు. డ్వేన్ తాత కొన్నదీ అదే, తండ్రి కొన్నదీ అదే. వాళ్ళ నాన్న శవపెట్టె శ్మశానానికి వెళ్ళింది కూడా ఆ కంపెనీ పికప్ తొట్టిలోనే. పెళ్ళయిన కొత్తలో ఇదంతా నాకు ముచ్చటగా ఉండేది. పోయిన ఆగస్టు తర్వాత ఆ గుర్తు చూస్తేనే మొహం తిప్పుకుంటున్నాను.

ఆగస్టులో కొండ వెనక అడవి అంటుకుంది. మా పాత పికప్ నాలుగు గుర్రాలకు మించి లాగలేదు. అందుకని నాలుగింటిని ఎక్కించి, మిగిలిన రెంటినీ, జూనిపర్‌నీ పెన్నీనీ, దొడ్లోనే ఉంచాం. తిరిగొచ్చాక పట్టుకోవడం తేలికని గేటు గొళ్ళెం కూడా పెట్టాం. ఇప్పుడే వచ్చేస్తానని జూనిపర్ మెడ నిమిరి చెప్పాను. నాలుగింటినీ ఊళ్ళో సంత మైదానంలో దించి వెనక్కి వచ్చేసరికి లోయ మొదట్లో పోలీసులు రోడ్డు మూసేశారు. నేను అరిచాను, ఏడ్చాను, ఆ పోలీసతన్ని చొక్కా పట్టుకు గుంజాను. పొగ తప్ప ఏమీ కనిపించలేదు. ఆ రెండూ దొడ్లోంచి బయటపడలేదు. ఆ గొళ్ళెం పెట్టిన చెయ్యి నాదే.

ఆ పాత బండి కూడా ఈ వసంతంలో చచ్చింది. ఎండలు ముదిరేలోపు, గుర్రాలన్నిటినీ ఒకే విడతలో కొండ దింపే బండి కావాలి. నేనడిగింది అంతే. తోలు సీట్లు అడగలేదు.

లోయ అవతల ఉండే మార్వా తన బండి అమ్మకానికి పెట్టిందని తెలిసింది. ఆమె భర్త హాలిస్ జనవరిలో గుండె ఆగి పోయాడు. అది డీజిల్ బండి, వెనక నాలుగు చక్రాలది, బరువులు లాగడానికే పుట్టింది. పాతది, అంచుల్లో తుప్పు పట్టింది కాబట్టి అప్పు చెయ్యకుండా కొనగలం. దానికున్న లోపమల్లా ఒకటే, అవతలి కంపెనీది. డ్వేన్‌ని దాదాపు ఈడ్చుకెళ్ళినంత పని చేశాను. మార్వా వాకిట్లో ఆగాక అతను మా అద్దె కారులోంచి దిగలేదు. టోపీ మొహం మీదికి లాక్కుని కూర్చున్నాడు. కూర్చోనీ అనుకున్నాను.

నేను వచ్చేదాకా ఇంజన్ ముట్టుకోవద్దని మార్వాకి ముందే ఫోన్‌లో చెప్పాను. వేడెక్కిన డీజిల్ ఇంజన్ ఎవరినైనా మోసం చేస్తుంది, చల్లగా ఉన్నప్పుడే దాని నిజం బయటపడేది. బానెట్ మీద అరచెయ్యి పెడితే చల్లగా తగిలింది. తాళం తిప్పగానే ఒకసారి దగ్గి అందుకుంది. గేర్ ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగి వాసన చూశాను, మాడిన వాసన లేదు. తొట్టిలో గుండు చుట్టూ రంగు గుండ్రంగా అరిగిపోయి గ్రీజు మరకలున్నాయి. ఈ బండి బరువులు లాగింది, ఆ సంగతి ఎవరూ దాచలేదు. ఎప్పుడూ ఏమీ లాగలేదని ఒట్టేసి చెప్పిన బండ్లను చూసి చూసి విసిగిపోయిన నాకు ప్రాణం లేచొచ్చింది.

మార్వా నా పక్కనే తొట్టి అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"హాలిస్ ఉంటే దీన్ని నీకు ఊరికే ఇచ్చేసేవాడు, నెడ్రా. ఆ రోజు తర్వాత నీకు మొహం చూపించలేకపోయాడు."

ఏ రోజని అడిగాను.

"మంటల రోజు. మీ గేటు దగ్గర ఆగాడు కదా."

ఆమె నా మొహం చూసింది, తర్వాత కారు వైపు చూసింది. నాకు తెలియదని అప్పుడు అర్థమైంది ఆమెకి. ఇక చెప్పక తప్పలేదు. నేను పైన మేతబీట్లో గుర్రాలను పట్టుకుంటున్నప్పుడు హాలిస్ ఈ బండిలోనే వచ్చాడట. ట్రైలర్ నా బండికి తగిలించు, ఆరూ ఒకే విడతలో దిగిపోతాయి అని డ్వేన్‌తో అన్నాడట. మా ట్రైలర్ నీ బండికి తగిలిస్తే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు, రెండు విడతలు వేసుకుంటాంలే అన్నాడట డ్వేన్. హాలిస్ నవ్వి వెళ్ళిపోయాడట. డ్వేన్ మాట వినకుండా తనే తగిలించాల్సిందని చచ్చేదాకా అంటూనే ఉన్నాడట.

నేను కారు దగ్గరికి వెళ్ళి అద్దం మీద కొట్టాను. డ్వేన్ టోపీ తీశాడు. నా మొహం చూడగానే అతనికి అంతా తెలిసిపోయింది.

"టైముందనుకున్నాను" అన్నాడు. "నవ్వుతూ అన్నాను, నెడ్రా. వాడూ నవ్వాడు."

"జూనిపర్ కూడా నవ్విందా?"

ఇన్ని నెలలూ అతను నాతో ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు. నేను రాత్రుళ్ళు గొళ్ళెం గొళ్ళెం అని ఏడుస్తుంటే పక్కన పడుకుని నా వీపు నిమిరాడు. తప్పంతా నాదేనని నేను అనుకుంటుంటే అనుకోనిచ్చాడు. చెయ్యెత్తి కొట్టేదాన్నే, మార్వా చూస్తోందని ఆగాను.

"దిగు" అన్నాను. "హాలిస్ తప్పేం లేదని ఆమెతో చెప్పు. నీ నోటితో చెప్పు."

దిగాడు. టోపీ చేత్తో పట్టుకుని మార్వా ముందు నిలబడి చెప్పాడు, తప్పు తనదేనని, హాలిస్ చెయ్యగలిగింది చేశాడని. మార్వా అంతా విన్నది.

"ఇది జనవరికి ముందు చెప్పాల్సింది డ్వేన్" అని తాళాలు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

బండి నేను నడుపుకుంటూ వచ్చాను, అతను అద్దె కారులో వెనక వచ్చాడు. ఇంటికొచ్చాక ట్రైలర్ నువ్వే తగిలించు అన్నాను. వాళ్ళ తాత కాలం నుంచి ఆ వాకిట్లోకి రాని కంపెనీ బండిని వెనక్కి నడిపాడు. మెడ దించి, గుండు మీద కూర్చోబెట్టి, గొలుసులు వేశాడు. నేను సాయం చెయ్యలేదు.

బండి ఎలా దిగుతుందో చూద్దామని గుర్రాలను ఎక్కించి లోయ రోడ్డు దిగాను. అతను పక్క సీట్లో కూర్చున్నాడు. గట్టి దిగుడులో ఇంజన్ బ్రేకు గుర్రుమంటూ పట్టుకుంది, ట్రైలర్ ఒక్కసారి కూడా తొయ్యలేదు. బాగా లాగుతోంది అన్నాడు డ్వేన్ మెల్లగా. అసలు బరువే లేనట్టు వస్తోంది అన్నాడు.

"ఆరింటి చోట నాలుగే ఉన్నాయి కదా" అన్నాను.