టిబిలిసి ఆమె

బాలి అయింది, చియాంగ్ మాయ్ అయింది. లిస్బన్‌లో ఇంకా కోడి కూయలేదు. వీరభద్రం చెవుల మీంచి హెడ్‌ఫోను తీసి, జేబురుమాలుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. పదకొండున్నరకు ఇంకా పది నిమిషాలున్నాయి. ఇవాళ మంగళవారం. చొక్కా జేబు పొద్దుటినుంచీ బరువుగా ఉంది, చెయ్యి ఊరికే అటే పోతోంది.

ల్యాప్‌టాపు చంకన పెట్టుకుని ఎక్కడినుంచైనా ఉద్యోగం చేసుకునేవాళ్లు ఏ ఊళ్లో మకాం పెడితే సుఖమో చెప్పే వెబ్‌సైటు వాళ్లది. ప్రపంచంలోని అరవై రెండు ఊళ్లకు పదికి ఇన్నని మార్కులేస్తుంది. నెట్ వేగం, గది అద్దె, వీధిలో మోత, చీకటి పడ్డాక ఆడవాళ్లు నడవొచ్చా లేదా. ఆ మార్కుల వెనక మడికొండ ఐటీ పార్కులో పదకొండు మంది కూర్చుని ఆయా ఊళ్ల లాడ్జిలకు ఫోన్లు చేస్తుంటారు. వాళ్లలో షిరిడీ దాటినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

వీరభద్రానికి యాభై మూడేళ్లు. మణికట్టు దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, కత్తెర పట్టి పట్టి కుడి బొటనవేలి మొదట్లో గట్టిపడిన కాయ. ఇరవై రెండేళ్లు హనుమకొండ చౌరస్తాలో నాన్నగారి బట్టల దుకాణంలో కూర్చున్నాడు. దుకాణం మూతపడ్డాక చేతికి మిగిలింది ఫోనులో మాట్లాడే నేర్పొక్కటే. సూరత్ సేఠ్‌కు ఫోన్ చేసినా ముందు భోజనమైందా అని అడగాలి, ఆ తర్వాతే తానుల సంగతి. నాన్న నేర్పిన మర్యాద అది. ఆ మర్యాదనే అన్ని దేశాలకూ ఎగుమతి చేశాడు మహానుభావుడు. ఎవరు ఫోనెత్తినా వచ్చీరాని ఇంగ్లీషులో మొదటి మాట, "మీరు తిన్నారా?"

కొందరు నవ్వేవారు. కొందరు ఏదో అమ్మడానికొచ్చాడనుకుని పెట్టేసేవారు. ఒక్కో ఫోనుకూ నాలుగే నిమిషాలని ఆఫీసు లెక్క.

"సార్, వాళ్లు తింటే మనకేంది, తినకుంటే మనకేంది? జర టైం చూస్కోండి," అని సూపర్‌వైజరు దీప్తి ఎన్నోసార్లు మొత్తుకుంది.

ఆ ప్రశ్నకు నిజంగా జవాబు చెప్పింది ఒక్క ఎతేరి. జార్జియా దేశంలో టిబిలిసి అనే ఊళ్లో నాలుగు గదుల లాడ్జి ఆమెది. ఐదేళ్ల కింద మొదటిసారి అడిగినప్పుడు, "లేదు, తినలేదు," అంది. తర్వాత, "నువ్వు?" అంది.

అంతే, ప్రతి మంగళవారం పదకొండున్నరకు ఆమెకు ఫోన్ చేయడం అలవాటైపోయింది. ఆమె ఇంగ్లీషూ అంతంతమాత్రమే కనుక ఇద్దరికీ బాగా కుదిరింది. బాల్కనీకి ద్రాక్షతీగ పాకించానని, మిరపకాయలు వెల్లుల్లితో నూరి పచ్చడి పెడతానని ఆమె చెప్పేది. మా వరంగల్‌లో చపాట మిరపకాయ ఉంటుంది, టమాటాలా బొద్దుగా, రంగెక్కువ, కారం తక్కువ అని ఇతను చెప్పాడు. "విత్తనాలు పట్టుకురా. బాల్కనీలో డబ్బాల్లో వేస్తాను. నాలుగో గది నీకే," అందామె. వస్తున్నా, వస్తున్నా అంటూ ఐదేళ్లు గడిపాడు. ఆ బాల్కనీలో కూర్చుని ఒక్క పూట ఆమెతో కలిసి తినాలి, అంతకు మించి వేరే కోరికేమీ లేదతనికి. దాని ముందు అరవై రెండు ఊళ్లూ దిగదుడుపే.

ఆ ఊరి మార్కుల్లో మాత్రం కొంచెం పక్షపాతం చూపాడు. మోత లేని ఊరని టిబిలిసికి పదికి పది వేశాడు. రాత్రంతా కుక్కలు మొరుగుతున్నాయని ఒక ప్రయాణికుడు ఫిర్యాదు రాస్తే, మళ్లీ విచారించాం, పదే అని జవాబిచ్చాడు.

మొన్న శుక్రవారం పాస్‌పోర్టు వచ్చింది. భార్య అనసూయ దానికి పసుపు కుంకుమ పెట్టింది. పళ్లెంలో ఆరబెట్టిన చపాట విత్తనాలు పొట్లం కట్టి అందులో దోపింది. "మీ టిబిలిసి ఆమెకు చెప్పిండ్రా?" అంది నవ్వుతూ. మంగళారం చెప్తనన్నాడు.

పక్క సీటు భానుచందర్ తల తిప్పి చూశాడు. "ఏంది కాకా, పొద్దుగాల్నుంచి ఒక్కటే నవ్వుతున్నవ్?"

"నీకెందుకురా, పని చూస్కో."

పదకొండున్నరైంది. ఫోను చాలాసేపు మోగింది. ఎత్తింది వేరే గొంతు, చిన్నమ్మాయిది.

"మీరు తిన్నారా?" అన్నాడు అలవాటు కొద్దీ.

"ఇండియా నుంచా? మీరు వీరానా?" అందా పిల్ల. ఎతేరి అతన్ని అలాగే పిలిచేది. "నేను ఎతేరి మేనకోడల్ని. గురువారం అత్త పోయింది. నిద్రలోనే."

వీరభద్రం చెయ్యి జేబు మీదే ఆగిపోయింది.

"రోజూ మధ్యాహ్నం దాకా ఒట్టి టీతోనే ఉండేది. మంగళవారం మాత్రం పొద్దున్నే తినేది," అందా పిల్ల. "ఇండియా ఆయన అడుగుతాడు, ఆయనకు అబద్ధం చెప్పలేను అనేది."

లాడ్జి మూసేస్తున్నామని, జాబితాలోంచి పేరు తీసేయమని కూడా చెప్పింది. జేబులో ఉన్న పాస్‌పోర్టు సంగతి అతను చెప్పలేదు.

"నువ్వు తిన్నావా అమ్మా?" అన్నాడు చివరికి. ఆ పిల్ల ఏడ్చేసింది.

"సార్, ఎనిమిది నిమిషాలు..." అంటూ వచ్చిన దీప్తి అతని మొహం చూసి వెనక్కి వెళ్లిపోయింది.

లాడ్జి పేరు కొట్టేశాడు. మోత అన్న గడిలో టిబిలిసికి పది చెరిపి ఏడు వేశాడు. నిజానికి ఎప్పుడూ అది ఏడే. మధ్యాహ్నం లిస్బన్‌కూ మిగతా ఊళ్లకూ ఫోన్లు చేశాడు. నాలుగు నిమిషాలు దాటలేదు, తిన్నారా అని ఎవరినీ అడగలేదు.

పొద్దుగూకే వేళకు మట్టెవాడలో ఇల్లు చేరాడు. బండి ఆపి లోపలికి పోలేదు. జేబులోది తీసి పిట్టగోడ మీద పెట్టాడు. వాకిట్లో నల్లా కింద కూర్చుని, చొక్కాతోనే, చెంబుతో నెత్తిన నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టాడు. చావు కబురు విన్నవాళ్లు అలాగే కదా ఇంట్లోకి వెళ్లేది.

చప్పుడుకు అనసూయ బయటికొచ్చి గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, ఎవరు పోయిండ్రండీ?"

"మనోళ్లే," అన్నాడు. నీళ్లు కారుతున్న మొహంలో కన్నీళ్లేవో తెలియడం లేదు. "దూరపోళ్లు."

ఆమె పిట్టగోడ వైపు చూసింది. మనోళ్లంటే తనకూ మనోళ్లే. మెల్లగా మెట్లు దిగి, అతని చేతిలోంచి చెంబు తీసుకుని, నింపి, తన నెత్తిన కూడా పోసుకుంది.

చాలాసేపటికి ఇద్దరూ తడి బట్టలతో లోపలికి వెళ్లారు. పిట్టగోడ మీద పాస్‌పోర్టు అట్టలోంచి విత్తనాల పొట్లం సగం బయటికి వచ్చి ఉంది, దాని మీద అనసూయ గుండ్రటి అక్షరాల్లో రాసి పెట్టింది: చపాట, నాలుగో గది.