బొటనవేలంత గుంట

నేను ఒక కాలిని. మొత్తం కాలిని కాదు లెండి, గొప్పలకు పోకూడదు. మోకాలి కింద తెగిపోయిన కాలు వచ్చి కూర్చునే గిన్నెను. సాకెట్ అంటారు. నా కింద ఒక ఇనుప గొట్టం, దాని కింద ఒక రబ్బరు పాదం ఉంటాయి. పాదానికి చెప్పు తొడిగి ముచ్చటపడతారు, గొట్టం వంక జాలిగా చూస్తారు. మనిషి బరువంతా మోసే నన్ను మాత్రం పంచె కప్పేస్తుంది.

నేను పుట్టింది కాకినాడలో, ఒక ధర్మసంస్థ వాళ్లు నడిపే కృత్రిమ అవయవాల కేంద్రంలో. అంతకుముందు అక్కడ తెగిన కాలికి పిండికట్టు కట్టి, అచ్చు తీసి, చేత్తో కాళ్లు చేసేవారు. కొత్తగా కంప్యూటరూ, ప్లాస్టిక్‌ను కరిగించి పొర మీద పొర పోసే యంత్రమూ వచ్చాయి. ఆ యంత్రం మీద పుట్టబోయే మొదటి కాలిని నేనే. తొలిచూలు బిడ్డ చుట్టూ ఉండే హడావుడి అంతా నా చుట్టూ ఉండేది. నా బాగోగులు చూసే పని హిమజకు అప్పగించారు. తెర మీద ఆకారాలు మలిచే చదువు చదివిన అమ్మాయి, నెమ్మదస్తురాలు.

నా యజమాని పేరు అబ్బులు. సామర్లకోట నుంచి తుని దాకా పెళ్లిళ్లలో ఆయన్ని వంటల అబ్బులు అంటేనే గుర్తుపడతారు. చక్కెర జబ్బు ఆయన పాదాల్లో స్పర్శను ఎప్పుడో తినేసింది. ఒక పెళ్లిలో, నేలలో తవ్విన గాడిపొయ్యి దగ్గర, అరికాల్లో మేకు దిగితే, అది తెలియకుండానే నిలబడి బూరెలు వేయించి, భోజనాలు అయ్యేదాకా ఉండి ఇంటికి వచ్చాడు. గచ్చు మీద నెత్తుటి అడుగులు చూసింది ఆయన భార్య నూకరత్నం. పుండు కుళ్లి పైకి పాకడంతో కాలు తీసేశారు. కూర్చుని కూరలు తరిగే పని ఇస్తామని జట్టువాళ్లు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. హిమజతోనూ అదే చెప్పాడు.

"కూకుని వండితే అది వంట కాదండి. నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టండి చాలు."

ఒక పరికరం ఆయన తెగిన కాలి చుట్టూ తిరిగి ఆకారాన్ని తెర మీదికి ఎక్కించింది. హిమజ దాన్ని మట్టి పిసికినట్టు పిసికింది. ఇక్కడ లాగింది, అక్కడ నొక్కింది, మోకాలి కింద కండ ఒరిగే చోట కాస్త వెడల్పు చేసింది. అప్పటికి నేను తెర మీద ఉత్త తోలును, మందం లేని పైపొరను, నాలో సరుకేమీ లేదు. అయినా ఆ రోజులు బాగుండేవి. ఎలా వంచితే అలా వంగేదాన్ని.

ఆయన కాలి ముందు భాగంలో కిందుగా ఒక ఎముక మొన చర్మం కింద పొడుచుకొచ్చి ఉంది. హిమజ దాని మీద వేలు పెట్టి, ఎక్కడ ముట్టుకున్నానో చెప్పమంది. అబ్బులు పక్కకు చూస్తూ మోకాలు అన్నాడు. అమ్మాయి తెర ముందు కూర్చుని, సరిగ్గా ఆ చోట నాలో బొటనవేలంత గుంట పెట్టింది, ఎముక దేనికీ తగలకుండా అందులో ఒదిగి ఉండేలా. నాలో ఏమైనా తెలివి ఉందంటే అది ఆ గుంటే.

తెర మీది తోలు యంత్రానికి పనికిరాదు. దానికి మందం కావాలి, లోపలేదో బయటేదో తేలాలి. తోలు ఎక్కడా చిరగకుండా, తనను తాను కోసుకోకుండా మూతపడితేనే కంప్యూటరు దాన్ని ఘనరూపంగా ఒప్పుకుంటుంది. ఘనరూపంగా మార్చమని హిమజ మీట నొక్కింది. కుదరదని జవాబు వచ్చింది, గుంట చుట్టూ ఎర్రగా వెలిగింది. గుంట లోతు ఎక్కువై, నా లోపలి తోలు బయటి తోలును పొడుచుకుని అవతలికి వెళ్లిందట. దానికి మందు లేకపోలేదు. బయటి గోడనూ అక్కడ ఉబ్బించి, చుట్టూ తోలును అల్లిన గళ్లను ఒక్కొక్కటే సర్దుకుంటూ రావాలి. ఓపిక ఉంటే ఒక పూట పని. హిమజ మొదలుపెట్టింది కూడా.

అప్పుడు కేంద్రం చూసుకునే ప్రకాశరావు వచ్చాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. మర్నాడే కాళ్లు పంచే సభ. పెద్ద అతిథి వస్తున్నాడు, వీధి మొగదాకా ఫ్లెక్సీలు కట్టేశారు, యంత్రమేమో నన్ను పోయడానికి రాత్రంతా తీసుకుంటుంది.

"ఆ గుంట ఒక్కటేగా అడ్డం? చదును చేసెయ్యమ్మా. రేపు కాలు తొడిగేటప్పుడు లోపల చెక్కుకుందాం," అన్నాడు.

"అక్కడ ఆయనకి స్పర్శ లేదు సార్."

"అందుకే చెక్కుకుందామంటున్నా."

చదును చేయడానికి ఒకే మీట. హిమజ వేలు దాని మీద పెట్టి తెర వంక చూస్తూ కూర్చుంది. తర్వాత నొక్కింది. ఈసారి కంప్యూటరు కిక్కురుమనలేదు, నేను ఘనరూపాన్ని అయిపోయాను. తోలుగా ఉన్నంతకాలం అబ్బులు కాలిలా ఉన్నాను. గట్టిపడేసరికి కంప్యూటరుకు నచ్చేలా ఉన్నాను. ఇంత చదువుకున్న మనుషులు, యంత్రం వద్దన్నదని కాలినే మార్చుకోమంటారని నేను అనుకోలేదు.

పొద్దున అతిథి చెప్పిన వేళకంటే ముందే దిగాడు, చెక్కడానికి వ్యవధి లేకపోయింది. నన్ను తొడిగి, హిమజ మోకాళ్ల మీద కూర్చుని అడిగింది.

"నొప్పిగా ఉందా బాబాయ్?"

"ఏం లేదమ్మా. వెన్నలా ఉందండి."

వెన్నలానే ఉంటుంది మరి. మేకు దిగినా తెలియని కాలిని నొప్పి ఉందా అని అడిగితే ఏం చెబుతుంది? ఆ అమ్మాయికీ అది తెలుసు, ఆయనకూ తెలుసు, పక్కనున్న నూకరత్నానికీ తెలుసు. అయినా ఆ మాట వినగానే ముగ్గురి మొహాలూ విప్పారాయి. ఆయన స్టేజి మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు, చప్పట్లు మోగాయి, ఫోటోలు తీశారు. సభ అయ్యాక నన్ను విప్పించి చెక్కుదామని హిమజ తీసుకెళ్తే, పనిముట్ల గదిలో బల్లలు వేసి అతిథులకు భోజనాలు పెడుతున్నారు. సోమవారం తప్పకుండా రమ్మని చెప్పింది. ముహూర్తాలు దగ్గరపడ్డాయి, అవి కాగానే వస్తానన్నాడు. రోజూ కాలు విప్పి చూసుకోమని నూకరత్నం ఒట్టు వేయించుకుంది.

పిఠాపురం దగ్గర పెళ్లి. ఆయన గాడిపొయ్యి ముందు నిలబడ్డాడు. పనసపొట్టు కూరకు పోపు పెడుతూ, గుండిగలు దింపిస్తూ, ఒకరిని కసురుతూ ఇంకొకరిని మెచ్చుకుంటూ ఆయన పడిన సంతోషం నా గోడల దాకా తెలిసింది. ఆ సంతోషం చూసి నాకూ పొంగు వచ్చింది, అబద్ధం చెప్పను. మొదట మొండికాలికి తొడిగిన మేజోడు చెమటకు తడిసింది. తర్వాత తడిసింది చెమటకు కాదు. ఎముక మొన నాకేసి ఒత్తుకుంటోంది, మధ్యలో ఉన్న పలచటి చర్మం నలిగిపోతోంది. ఆయన అడుగు వేసినప్పుడల్లా నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నాకు నోరు లేదు, ఆయన కాలికి నొప్పి లేదు. రాత్రి వంటవాళ్లంతా ఒకే హాల్లో పడుకున్నారు. మొండికాలు నలుగురి కంటా పడడం ఇష్టంలేక ఆయన నన్ను విప్పలేదు. మర్నాడు అక్కణ్నించే ఇంకో పెళ్లికి వెళ్లాడు.

ఇంటికి వచ్చాక నూకరత్నం విప్పింది. వాసనకే ఆమెకు అర్థమైంది. తిట్టలేదు, ఏడవలేదు, కొంగుతో పుండు కప్పి ఆటోను పిలిచింది. ఆసుపత్రిలో కాలు తొడ దాకా తీసేశారు. అప్పటికే విషం ఒంట్లోకి పాకింది. అబ్బులు తిరిగి రాలేదు.

దినకర్మలు అయ్యాక నూకరత్నం నన్ను కడిగి, తుడిచి, పెళ్లివాళ్లు ఇచ్చిన గుడ్డసంచిలో పెట్టి కేంద్రానికి తెచ్చింది. ఇంకెవరికైనా పనికొస్తుందేమోనట. హిమజ ముందున్న బల్ల మీద నన్ను పెట్టి ఆమె అంది.

"నొప్పి లేదంటే బాగున్నట్టేననుకున్నామమ్మా. ఆయనకి నొప్పి తెలీదని మాకు తెలుసు గదా. అయినా అనుకున్నాం."

హిమజ నా ముందు గోడ మీద వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ గుంట ఉండాలండీ. ముందు పెట్టాను. నేనే తీసేశాను."

"ఎంత గుంట?"

హిమజ బొటనవేలు చూపించింది. నూకరత్నం నాలో చెయ్యి పెట్టి ఆ చోటు వెతికింది. అక్కడ తన బొటనవేలు ఆనించి చాలాసేపు ఉంచింది, అరిగి పగిలిన ఆ వేలి గరుకు నాకు తెలిసింది. తర్వాత చెయ్యి తీసేసి, సంచీ అయినా తీసుకోకుండా వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం హిమజ నా పాత ఆకారాన్ని తెర మీదికి తెచ్చింది. బయటి గోడ ఉబ్బించి, గళ్లు ఒక్కొక్కటే సర్దింది. సాయంత్రానికి గుంటతో సహా ఘనరూపం అయింది, కంప్యూటరు ఏ అడ్డూ చెప్పలేదు. అది తొడుక్కునే కాలు లేదు.

ఇప్పుడు నేను కేంద్రం గుమ్మంలో, అద్దాల బీరువాలో ఉన్నాను. కొత్త యంత్రం మీద తయారైన మొదటి కాలు అని పక్కన బోర్డు, పైన సభనాటి ఫోటో. ఫోటోలో అబ్బులు నా మీద నిలబడి నవ్వుతున్నాడు. ఆయన ఏమయ్యాడో బోర్డు మీద రాయలేదు. హిమజ ఈ గుమ్మంలోంచి రావడం మానేసి వెనక తలుపు నుంచి వస్తోంది. విరాళాలు ఇచ్చే పెద్దలు వచ్చినప్పుడు ప్రకాశరావు బీరువా తీసి నన్ను వాళ్ల చేతికి ఇస్తాడు. వాళ్లు లోపల చెయ్యి పెట్టి తడుముతారు. వేళ్లు ఆ చోటికి వస్తాయి, ఎక్కడా ఆగకుండా జారిపోతాయి.

"ఎంత నున్నగా వచ్చిందండీ," అంటారు.