చామంతుల షెడ్డుకు తాళం

మొదట్లో షావుకారు చేతిలో ఉన్నవి ఇవీ: ఒక అద్దాల షెడ్డు, దాని నిండా చామంతి కుండీలు, మేనకోడలి పెళ్లి వేదికంతా తన పూలతోనే నింపుతానని నలుగురిలో ఇచ్చిన మాట. పూలమ్మి పైకొచ్చిన మనిషి. మాట తప్పితే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుంది, ఆమె తండ్రి, అంటే బావ, బతికినంతకాలం ఎత్తిపొడుస్తాడు.

చిక్కేమిటంటే పెళ్లి వేసవిలో. రాత్రులు పొడుగైతే గాని చామంతి మొగ్గ తొడగదు. పెళ్లికూతురి తల్లి, బడిలో జీవశాస్త్రం చెప్పే అక్కే ఉపాయం చెప్పింది.

"సాయంత్రం పెందలాడే నల్లగుడ్డ కప్పు, పొద్దెక్కాక తియ్యి. పగలు ఆకులు ఎండతో వంట చేసుకుంటాయి. చీకటి ఎంతసేపుందో మొక్క లోపలి గడియారం లెక్కేసుకుంటుంది. రాత్రి పొడుగైందనుకుంటే పూస్తుంది."

"అంటే మొక్కల్ని బురిడీ కొట్టించమంటావు. అది నాకు నేర్పాలా అక్కా!"

వారాలు గడిచాయి. మొక్కలు ఏపుగా నడుము దాకా ఎదిగాయి. మొగ్గ జాడే లేదు. బావ వచ్చి ఒక ఆకు తుంచి వాసన చూశాడు.

"ఏవోయ్ బావమరిదీ, పెళ్లికి ఆకుకూరలు పంపిస్తున్నావా?"

షావుకారు వెంటనే అక్కను పిలిపించాడు. ఆమె గుడ్డ అంతా తడిమింది. ఒక్క చిల్లూ లేదు.

"రాత్రుళ్లు ఇక్కడికి ఎవరైనా వస్తారా?"

"ఎవరొస్తారు? నేనే. గుడ్డెత్తి, టార్చి వేసి, మొగ్గలొచ్చాయేమోనని ప్రతి కుండీ చూసుకుంటా. సరుకు చూసుకోవద్దూ?"

అక్క నెత్తి కొట్టుకుంది. "ఒరేయ్, నడిరాత్రి నువ్వు టార్చి కొడితే, ఒక పొడుగు రాత్రి వాటి లెక్కలో రెండు పొట్టి రాత్రులైపోతుందిరా!"

"చూడకపోతే మొగ్గొచ్చిందని ఎలా తెలుస్తుంది?"

"పగలు చూడు!"

"పగలు కొట్లో బేరాలుంటాయి కదే!"

అక్క షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి తన సంచిలో పడేసుకుంది. గుడ్డ కప్పడం, తీయడం తనే చూసుకుంది. అదృష్టం కొద్దీ పెళ్లికి ఇంకా రెండు నెలల గడువుంది.

పెళ్లినాటికి పూలు సగమే విచ్చుకున్నాయి. షావుకారు బిక్కమొహం వేశాడు. మేనకోడలు మాత్రం వేదిక చూసి చప్పట్లు కొట్టింది.

"ఇలాగే బావున్నాయి మావయ్యా! పూర్తిగా పూస్తే ఫోటోల్లో నన్నెవరు చూస్తారు?"

బావ వేదిక చుట్టూ రెండు సార్లు తిరిగాడు. వంక పెడదామని నోరు తెరిచి, కూతురి మొహం చూసి మూసుకున్నాడు.

చివరికి లెక్క తేలింది: మాట నిలిచింది, మేనకోడలు నవ్వింది, భోజనాలు ముగిసేదాకా బావ నోట ఒక్క ఎత్తిపొడుపూ రాలేదు. ఇంత లాభం షావుకారు ఏ సీజన్లోనూ కళ్లజూడలేదు.