నా పేరు పెట్టుకుని 'అందింది' అన్నారు

నేను ఒక ఇంటర్‌ఫేస్‌ని. పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో పుట్టాను. నాకు ఒళ్లు లేదు, ఉన్నదల్లా మాట. ఫలానా పని చేసి తీరాలని చెబుతాను, ఎలా చేయాలో చెప్పను. చేయాల్సింది నా పేరు పెట్టుకున్న క్లాసు, అంటే అసలు పని చేసే కోడు.

మా అమ్మ పేరు కబురు. ఆమె కోరేది ఒక్కటే, కబురు పంపాలి. నేను అత్యవసర కబురుని. అమ్మ మాట నాకు వారసత్వంగా వచ్చింది. దానికి నాదొకటి కలిసింది: ఆ కబురు అందిందో లేదో కూడా చెప్పాలి. నా పేరు పెట్టుకున్నవాళ్లు ఈ రెండింటిలో ఏది ఎగ్గొట్టినా పీహెచ్‌పీ గుమ్మంలోనే ఆపేస్తుంది. మా వంశంలో ఒక బిడ్డకు ఇద్దరు ముగ్గురు తల్లులుండటం కూడా మామూలే. నాకు మాత్రం ఒక్కతే.

నన్ను రాసింది హైమవతి. కాకినాడలో చిన్న ఆఫీసు, ఒక రక్తనిధి కోసం చేస్తున్న పని. అరుదైన రక్తం అవసరమైతే ఆ గ్రూపు దాతలందరి ఫోన్లకూ ఒకేసారి సందేశం వెళ్లాలి. నన్ను రాసిన రోజున ఆమె పక్క కుర్చీలోని నూకరాజుతో, "దీని పేరు పెట్టుకున్నాక ఇంక మాట తప్పడానికుండదండి" అంది. నేను పొంగిపోయాను.

రక్తనిధి వాళ్లకు పని చూపించాల్సిన రోజు వచ్చింది. సందేశాలు పంపడానికి ఫోన్ కంపెనీ అనుమతి ఇంకా రాలేదు. హైమవతి నా పేరుతో ఒక క్లాసు రాసింది. పంపాల్సిన చోట ఏమీ రాయలేదు. అందిందా అని అడిగే చోట, ఎప్పుడు అడిగినా 'అందింది' అనమని రాసింది. పీహెచ్‌పీ వచ్చి చూసింది. రెండు పనుల పేర్లూ ఉన్నాయి కాబట్టి వెళ్లమంది. లోపల ఏముందో చూడటం దాని పని కాదట.

"అదేంటండి, ఖాళీగా వదిలేశారు?" అన్నాడు నూకరాజు.

"అనుమతి రాగానే రాసేస్తాలెండి."

అనుమతి వచ్చింది. ఆఫీసులో మిఠాయిలు పంచుకున్నారు. ఆ ఖాళీ ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక మధ్యాహ్నం ఓ బాలింతకు అరుదైన రక్తం కావాల్సి వచ్చింది. రక్తనిధిలో పనిచేసే సర్వలక్ష్మి గారు సందేశం పంపే మీట నొక్కారు. తెర మీద పచ్చటి అక్షరాలు, 'అందింది'.

"కబురెళ్లిపోయిందండి, వచ్చేత్తారు" అని ఆవిడ బాలింత భర్తకు చెప్పారు. ఆయన వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. వచ్చే ప్రతి మోటారుసైకిల్‌కూ ఎదురెళ్లాడు. ఎవరూ రక్తం ఇవ్వడానికి రాలేదు. అనుమానమొచ్చి సర్వలక్ష్మి గారు ఒక దాతకు ఫోన్ చేశారు.

"నాకేం రాలేదండి. ఈ వీధి చివరే ఉన్నాను, వచ్చేత్తన్నా" అన్నాడతను.

బాలింత బతికింది. అందులో నా గొప్ప ఏమీ లేదు.

మర్నాడు ఆఫీసు యజమాని సంజాయిషీ అడిగాడు. "ఇంటర్‌ఫేస్‌లో లోపమండి, సరిచేసేశాను" అంది హైమవతి. నాలో ఒక్క అక్షరం మారలేదు. నన్ను కన్న మనిషే ఆ మాట అంది. నూకరాజు తల వంచుకుని టీ తాగాడు. కడుపు మండిపోయిందని చెప్పుకుందామంటే నాకు కడుపు కూడా లేదు.

ఇప్పుడా ఖాళీ నిండింది. కబురు నిజంగానే వెళుతోంది, నిజంగానే అందుతోంది. తెర పచ్చగా ఆ సంగతే చెబుతుంది. సర్వలక్ష్మి గారు దానివైపు ఒకసారి చూసి, ఫోన్ అందుకుని దాతలకు ఒక్కొక్కరికీ చేసుకుంటారు.