తేలిక మిషను

2004లో సంగతి. మా ఆయన అనిల్ కుమార్ గుంటూరు ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాడు. మిరపకాయలకు తొడిమలు తీసే చేతి మిషను ఒకటి నాకోసం తయారుచేశాడు. ఏళ్ల తరబడి కల్లాల్లో తొడిమలు తీసి నా వేళ్లు మండిపోయేవి. ఆ మిషను చంకనేసుకుని కల్లం కల్లానికీ తిరిగితే ఒకరి పిలుపు కోసం కాచుకోనక్కర్లేదు, పని నాది అవుతుంది. అదీ మా ఆశ.

అది అంత చిన్నదైందంటే బేరింగుల చలవే. మామూలువి లావుగా ఉంటాయి, వాటి కోసం డ్రమ్మూ ఫ్రేమూ పెంచాలి. ఈయన మద్రాసు నుంచి సన్నవి తెప్పించాడు. నా గాజు కన్నా కాస్త మందం, అంతే.

ముందుగా మా ఊరి పెద్దరైతు బుల్లయ్య గారి కల్లానికి తీసుకెళ్లాను. ఏటా నేనూ, మా ఊరి ఆడోళ్లూ తొడిమలకి కూలికెళ్లేది అక్కడికే. ఆయన ఒంటిచేత్తో ఎత్తి చూశారు.

"ఇంత తేలిగ్గా ఉందేంటమ్మా రెబ్కా?"

"అందుకేగదండీ మోసుకురాగలిగాను."

"తేలిక సరుకు నా కల్లంలో వద్దు. ఎగిరెగిరి కాయంతా పగలగొడుద్ది."

ఒక్క బుట్టెడు వేసి చూడమన్నాను. వినలేదు. ఒళ్లు మండిపోయింది. బరువు తక్కువన్నా తేలికే, విలువ తక్కువన్నా తేలికే. ఈ మాట పుట్టించినవాడెవడో గానీ నా కొంప ముంచాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయనకు నాకంటే రోషం వచ్చింది. "నా పనిని తేలిక సరుకంటాడా? చూపిస్తా ఉండు" అన్నాడు. వద్దయ్యా, ఇంకో కల్లం చూసుకుందామని మొత్తుకున్నాను. చెవిన పెడితేగా. సన్న బేరింగులు పీకేసి లావువి వేశాడు. డ్రమ్ము పెంచాడు, మోటారు పెట్టాడు, అడుగున ఇనప దిమ్మె బిగించాడు.

నలుగురు పట్టి దాన్ని బుల్లయ్య గారి కల్లంలో దించారు. ఆయన కాలితో తన్ని చూశారు. కదల్లేదు.

"ఇదిరా మిషనంటే" అన్నారు.

కాయ పోయించారు. తొడిమలు ఊడాయి. పాతదైనా అలాగే ఊడదీసేది. అక్కడికక్కడే కొనేశారు. మా ఆయన మొహం వెలిగిపోతోంది. ఆయన నెత్తిన ఒక్కటి మొట్టాలనిపించింది.

నేను బయల్దేరుతుంటే బుల్లయ్య గారు పిలిచారు. శుభవార్త చెబుతున్నట్టే చెప్పారు.

"ఆడోళ్లందరికీ చెప్పమ్మా రెబ్కా. రేపట్నుంచి తొడిమలకి ఎవరూ రానక్కర్లేదు. నువ్వు కూడా."