కింది బస్తా

సోమవారం లోపు తన పరిశోధన పేపర్లో నీరజ చేయాల్సిన పనులు మూడు. రెండో పటంలో గీతలు సరిచేయాలి. పాత ఇన్సులిన్ కణంలోనే ఎందుకు ఉండిపోతుందో ఒక పేరా రాయాలి. కృతజ్ఞతల్లోంచి లస్మయ్య పేరు కొట్టేయాలి. మూడోది గైడు సారు ఎర్ర ఇంకుతో రాశాడు.

లస్మయ్య నీరజ తండ్రి. ఊరు నర్సింహులపేట, మానుకోట మార్కెట్లో హమాలీ. మిరప బస్తాలు మోసి మోసి ఆయన కుడి భుజం కిందికి వాలిపోయింది.

క్లోమంలోని కణం ఇన్సులిన్‌ను చిన్న చిన్న సంచుల్లో నింపుతుంది. ఆ సంచులు కణం అంచు దాకా వెళ్లి రక్తంలోకి ఖాళీ అవుతాయి. ఆ ప్రయాణాన్ని కంప్యూటర్లో నడిపించడమే నీరజ పరిశోధన. రేషన్ దుకాణం ముందు చెప్పులు వరుసలో పెట్టి పెరిగిన పిల్ల కదా, ముందొచ్చిన సంచి ముందు పోతుందని రాసుకుంది. ఎనిమిది నెలలు ఆ లెక్క ప్రయోగాలతో కలవలేదు. ఇంటికి పోయినప్పుడు అన్నం తింటూ ఆ గోడు చెప్పుకుంది. లస్మయ్య నవ్వాడు.

“ముందుగాల వచ్చిన బస్తా ముందుగాల పోతదని నీకెవలు చెప్పిన్రు బిడ్డా? కొత్తయి మీద పడ్తయి. చేతికందిందే లారీ ఎక్కుతది. కిందిది ఆడనే బూజు పడ్తది.”

ఆ ఒక్క నియమం మార్చగానే లెక్క కుదిరింది. అందుకే కృతజ్ఞతల్లో తండ్రి పేరు రాసింది.

“హమాలీ పేరు పేపర్లో ఉంటే నవ్వుతారమ్మా,” అన్నాడు సారు. “నాన్న మీద అంత ప్రేముంటే చొక్కా కొనిపెట్టు.”

నీరజకు ఒళ్లు మండింది. “మీ మరదలి పేరున్నది గద సార్. ఆమె మన ల్యాబు గడప తొక్కలే. నవ్వేటోళ్లు గామెను చూసి నవ్వరా?”

“నోరు బాగా లేస్తోందే. నా సంతకం లేకుండా పట్టా ఎలా వస్తుందో చూసుకో.”

ఫోనులో తండ్రికి చెబితే ఆయన ఆ మంటలో ఇంకాస్త కిరోసిన్ పోశాడు. “నా పేరుతోటి ఏం పని? తీసెయ్ బిడ్డా. నీ సదువు ఆగొద్దు.”

“నువ్వు గూడ కిందనే ఉంటనంటవేంది బాపు,” అని ఫోను పెట్టేసింది.

మొదటి రెండు పనులు చేసి పంపింది. మూడోది ముట్టలేదు. సారే తన చేత్తో కొట్టేశాడు. పేపరు అచ్చయింది. చివరి కృతజ్ఞతల్లో సారు మరదలుంది, లస్మయ్య లేడు. నీరజ కోపం ఇంకా చల్లారలేదు. ఆమె చల్లారనివ్వదు కూడా.

మీలో ఎవరైనా ఆ పేపరు చదివి, కొత్త సంచే ముందు పోతుందన్న వాక్యం దగ్గర ఆగితే, ఆ మాట చెప్పింది నర్సింహులపేట లస్మయ్య అని గుర్తుపెట్టుకోండి.