పోస్టరెక్కిన సువర్ణ

సువర్ణ ఫోను ఎత్తడం లేదు. షైనీ నిన్న సాయంత్రం నుంచీ చేస్తూనే ఉంది. పొద్దున్నే, వాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళే ఆటో సన్నీ ఫోన్లో పిడుగులాంటి కబురు చెప్పాడు.

"రావద్దన్నారండి సువర్ణగారు. ఇంకెప్పుడూ రావద్దన్నారు. నేను అల్లవరం కిరాయికి వెళ్ళిపోతన్నాను."

ఈ రోజు సువర్ణ భర్త ప్రకాశరావుకి అమలాపురంలో డయాలసిస్. మానేస్తే ఒళ్ళంతా నీరు పట్టేస్తుంది. ఊపిరాడదు. ఆ తర్వాత ఏమవుతుందో తలుచుకోలేక షైనీ స్కూటీ తీసి ఉప్పలగుప్తం దారి పట్టింది.

షైనీ ఉద్యోగం అమలాపురంలో ఒక సేవాసంస్థకి చందాలు తేవడం. ఆదివారాలు మాత్రం జీతం లేకుండా ఉప్పలగుప్తం ఆడవాళ్ళ గుప్పెడు బియ్యం సంఘానికి పనిచేస్తుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అందరివీ ఒకచోట పోసి, అమ్మి, ఆ డబ్బు కష్టంలో ఉన్న ఇంటికి ఇస్తారు. ఎవరికిచ్చారో సంఘం పెద్ద లీలావతి టీచరుగారికీ, పట్టుకెళ్ళి ఇచ్చిన మనిషికీ తప్ప తెలియకూడదు. సంఘానికి ఉన్న కట్టుబాటు అదొక్కటే. ఈసారి పట్టుకెళ్ళే మనిషి షైనీ. పుచ్చుకునే మనిషి సువర్ణ. ఏళ్ళ తరబడి తనూ గుప్పెడు తీసిన సువర్ణ.

బియ్యం డబ్బులు ఆటోకే సరిపోయేవి. మందులకి ఇంకా కావాలి. దాంతో షైనీకి ఆఫీసు బుద్ధి పుట్టింది. పొయ్యి దగ్గర కూర్చున్న సువర్ణ ఫోటో ఒకటి పెట్టి, కింద నాలుగు ఏడుపు ముక్కలు రాసి, పోస్టరు చేసి, తెలిసిన దాతలకి పంపింది. సువర్ణని అడగలేదు. ఉన్నవాడి జేబు ఊరికే తెరుచుకోదు, లేనివాడి ఏడుపు మొహం చూపించాలి. ఈ నీచపు లెక్క షైనీ కనిపెట్టింది కాదు, ఉద్యోగం నేర్పింది. దాతల్లో ఎవరో దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పడేశారు.

షైనీ వెళ్ళేసరికి సువర్ణ పెరట్లో అంట్లు తోముతోంది. తలెత్తలేదు.

"పిన్నిగారూ, టైమైపోతోందండి. బాబాయిగారిని లేపండి."

"లేచే ఉన్నారు. పడుకుంటే ఊపిరాడదు కదా."

లోపల ప్రకాశరావు గోడకి ఆనుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. పాదాలు బూరెల్లా పొంగాయి. షైనీ సువర్ణ వైపు తిరిగింది.

"తప్పైపోయిందండి. ఆ పోస్టరు తీసేసేను."

"ఎక్కణ్ణించి తీసేసేవు? పాలకేంద్రం దగ్గర రొయ్యల చెరువు బంగారరాజుగారు నా చేతిలో నోటు పెట్టబోయేరు. ఫోటోలో బాగా ఏడ్చేవమ్మా అన్నారు. నేనేడవలేదే. కొబ్బరి మట్టల పొగకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి."

"నన్ను తిట్టండి. కొట్టండి. ఆయన ప్రాణం మీదికి తేకండి. ఇంకో ఆటో పిలుస్తాను."

సువర్ణ లోపలికి చూసింది. ఆయన ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది.

"పిలు. నా పేరు చెప్పకు, సంఘం పేరు చెప్పకు. జబ్బు నీకేనని చెప్పు. డబ్బుల్లేవని చెప్పు. నాకు వినపడాలి."

షైనీ స్పీకరు పెట్టి ఆటో క్రాంతికుమార్‌కి ఫోను చేసింది.

"క్రాంతిగారూ, ఆసుపత్రికి వెళ్ళాలండి. ఉప్పలగుప్తం నుంచి. నా దగ్గర డబ్బుల్లేవండి."

"మీ దగ్గరా? ఊళ్ళో అందరి దగ్గరా పోగేస్తారు కదండీ మేడంగారూ." నవ్వాడు. "ఇంతకీ ఏం జబ్బండి?"

"చెప్పలేనండి. తొందరగా రండి."

"ఊరికే రమ్మంటే కారణం తెలియాలి కదండీ."

సువర్ణ ఆమె మొహమే చూస్తోంది. షైనీ చెవులు కాలిపోయాయి.

"కిడ్నీలండి."

అటు నవ్వు ఆగిపోయింది. "అయ్యో పాపం. ఈ వయసులోనా. ఆయ్, వచ్చేస్తన్నానండి. స్టాండులో మావాళ్ళకీ చెప్తాను, తలో చెయ్యీ వేస్తారు."

"ఎవరికీ చెప్పకండి." షైనీ ఫోను నోటికి దగ్గరగా తెచ్చుకుంది. "మీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకండి."

సువర్ణ చేతులు కడుక్కుని లేచింది.

"ఆ ముక్క నన్ను అననిచ్చేవా నువ్వు?"

లోపలికెళ్ళి మొగుడి చంక కింద చెయ్యేసింది.

"చూస్తావేంటి? రెండో పక్క పట్టుకో. మెల్లగా."

షైనీ పట్టుకుంది. ఆయన బరువంతా భుజమ్మీద పడింది. వీధి చివర ఆటో ఇంకా కనపడలేదు.